ఇంటి దగ్గరే పెట్రోల్ కారు ఇంజన్ కంప్రెషన్ పరీక్షించే విధానం

ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణకడం, ఘాట్ రోడ్డు మీద బండి లాగలేకపోవడం, మైలేజీ ఉన్నట్టుండి పడిపోవడం, ఇంజన్ ఆయిల్ తరచుగా తగ్గిపోవడం వంటి లక్షణాలతో కారును గ్యారేజీకి తీసుకువెళ్తే ఎక్కువగా వినిపించే తీర్పు "కంప్రెషన్ పోయింది, ఇంజన్ విప్పాలి" అన్నది. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి. ఆ తీర్పు నిజం కావచ్చు. అయితే స్పార్క్ ప్లగ్ పాడైనా, ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా వీటిలో చాలా లక్షణాలు అలాగే కనిపిస్తాయి కాబట్టి, గేజ్ పెట్టి కొలవకుండా హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే, వాల్వులు ఉండే భాగం) దించడానికి ఒప్పుకోవడం తెలివైన పని కాదు. ఆ కొలతకు కావలసిన పరికరం చిన్నది, ధర పెద్దది కాదు, ప్లగ్గులు మార్చుకోగలిగిన చేతులకు ఆ పని కష్టమూ కాదు. కష్టమంతా వచ్చిన అంకెలను సరిగా అర్థం చేసుకోవడంలోనే ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో పనిముట్ల కంటే ఆ భాగానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పే పద్ధతి మామూలు పెట్రోల్ కార్లకు, సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్ ఉన్న పెట్రోల్ కార్లకు మాత్రమే వర్తిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ ఒత్తిడి దీనికి రెట్టింపు, అంతకు మించి కూడా ఉంటుంది. పెట్రోల్ గేజ్ దానికి తట్టుకోదు, కొలవాలంటే గ్లో ప్లగ్గో ఇంజెక్టరో విప్పాలి, పైగా కామన్ రైల్ వ్యవస్థలో ఇంధన ఒత్తిడి చర్మాన్ని చీల్చేంత ప్రమాదకరం. కాబట్టి డీజిల్ కారును ఇంటి దగ్గర ముట్టుకోకపోవడమే మంచిది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ వంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో ఇంజన్‌ను తిప్పేది మామూలు స్టార్టర్ కాదు, అధిక వోల్టేజీ మోటారు. వాటిని కూడా వదిలేయాలి.

గేజ్ నిజానికి ఏం చెబుతుంది

కంప్రెషన్ దశలో పిస్టన్ పైకి లేచే సమయంలో ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే), ఎగ్జాస్ట్ (పొగ బయటకు పోయే) వాల్వులు రెండూ మూసుకుంటాయి. లోపల చిక్కిన గాలి దాదాపు పదో వంతు చోటులోకి నొక్కుకుపోతుంది. ఆ గాలి తప్పించుకోవడానికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి: పిస్టన్ రింగులకూ బోరుకూ (సిలిండర్ లోపలి గోడకు) మధ్య నుంచి కిందకు, సరిగా కూర్చోని వాల్వు అంచు నుంచి మానిఫోల్డులోకి, దెబ్బతిన్న హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) గుండా పక్క సిలిండర్‌లోకో కూలెంట్ దారిలోకో. ఎంత ఒత్తిడి నిలిచిందో గేజ్ చెబుతుంది. ఏ దారిన పోయిందో నేరుగా చెప్పదు, దాన్ని మనం రాబట్టుకోవాలి.

కంప్రెషన్ నిష్పత్తి 10 అని కంపెనీ రాసినంత మాత్రాన గేజ్ మీద సరిగ్గా 10 బార్ కనిపించదు. నొక్కుకుపోయిన గాలి వేడెక్కి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మరోవైపు పిస్టన్ పైకి కదలడం మొదలైన తర్వాత గానీ ఇన్‌టేక్ వాల్వు మూసుకోదు కాబట్టి కొంత గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఈ రెండూ కలిసి మామూలు పెట్రోల్ ఇంజన్‌లో 150 నుంచి 200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు చూపించడం సాధారణం. వాల్వును కావాలనే ఆలస్యంగా మూసే కొన్ని కొత్త ఇంజన్లలో నిష్పత్తి ఎక్కువగా ఉన్నా గేజ్ అంకె అంత ఎక్కువ ఉండకపోవచ్చు. మీ ఇంజన్‌కు ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి. అక్కడ అంకె కిలోపాస్కల్‌లో ఉంటే 100 కిలోపాస్కల్ ఒక బార్ అనీ, ఒక బార్ 14.5 పీఎస్ఐ అనీ గుర్తుంచుకుంటే సరిపోతుంది. చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటే ఒక కిలో 14.2 పీఎస్ఐ.

మాన్యువల్‌లోని అంకె సాధారణంగా సముద్ర మట్టానికి సంబంధించినది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గాలి ఒత్తిడి తీరంలో కంటే దాదాపు 6 శాతం తక్కువ. విశాఖపట్నంలో 180 పీఎస్ఐ చూపించే ఆరోగ్యకరమైన ఇంజన్ హైదరాబాద్‌లో 170 దగ్గర ఆగితే అందులో లోపమేమీ లేదు. 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో ఇంకొంచెం తగ్గుతుంది.

అందుకే ఒక్క సిలిండర్ అంకెను విడిగా చూసి మంచిదనో చెడ్డదనో అనుకోకూడదు. ఒకే గేజ్, ఒకే బ్యాటరీ, ఒకే రోజు, ఒకే పద్ధతిలో తీసిన అన్ని సిలిండర్ల అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే విషయం బయటపడుతుంది. సుజుకి పెట్రోల్ ఇంజన్ల మాన్యువళ్లలో సిలిండర్ల మధ్య తేడా 100 కిలోపాస్కల్, అంటే సుమారు 14 పీఎస్ఐ, దాటకూడదన్న పరిమితి తరచుగా కనిపిస్తుంది. మాన్యువల్ దొరకనప్పుడు అతి ఎక్కువ అంకెకూ అతి తక్కువ అంకెకూ తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 25 శాతం దాటితే ఆ సిలిండర్‌లో తప్పకుండా ఏదో ఉంది.

కావలసిన సామగ్రి

కంప్రెషన్ గేజ్ రెండు రకాలుగా దొరుకుతుంది. రబ్బరు కొన ఉన్నదాన్ని ప్లగ్ రంధ్రానికి చేత్తో అదిమి పట్టుకోవాలి. ప్లగ్గులు లోతైన గుంతల్లో ఉండే ఇప్పటి ఇంజన్లలో అది దాదాపు పనికిరాదు. మర బిగించే గొట్టం ఉన్నదే కొనండి. ప్లగ్ మర చాలా కార్లలో 14 మిల్లీమీటర్లు, కొన్ని కొత్త ఇంజన్లలో 12, అరుదుగా 10. సరైన అడాప్టర్ ఉందో లేదో కొనే ముందే చూసుకోవాలి. అడాప్టర్ మర పొడవు మీ ప్లగ్ మర పొడవును మించకూడదు, మించితే లోపల పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. వీలైతే గొట్టం, మర ఒకే ముక్కగా ఉన్నది తీసుకోండి. విడి అడాప్టర్ అయితే గొట్టం విప్పేటప్పుడు అది మాత్రం రంధ్రంలోనే ఉండిపోయి, లోతైన గుంతలోంచి దాన్ని బయటకు తీయడం అసలు పరీక్ష కంటే పెద్ద పని అవుతుంది.

గొట్టం కొనలో ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వు పిన్ ఉంటుంది. చూడటానికి టైరు వాల్వు పిన్ లాగే ఉన్నా దాని స్ప్రింగు చాలా మెత్తనిది. అది పాడైతే పంక్చర్ షాపులో దొరికే మామూలు పిన్ వేయకూడదు, వేస్తే అన్ని సిలిండర్లూ తక్కువ చూపిస్తాయి.

వీటితో పాటు 16 మిల్లీమీటర్ల ప్లగ్ సాకెట్ (పాత కార్లకు 21), పొడవాటి ఎక్స్‌టెన్షన్, టార్క్ రెంచ్, మల్టీమీటర్, మందుల షాపులో దొరికే ఒక సిరంజి, కాస్త ఇంజన్ ఆయిల్, కాగితం, పెన్ను ఉండాలి. ఒక మనిషి తోడు కూడా ఉండాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు ముల్లును మొదటి క్షణం నుంచి గమనించాలి.

ఇంజన్‌ను సిద్ధం చేయడం

మొదట బ్యాటరీ. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ ఇంజన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 10 వోల్టుల కిందకు దిగజారితే ఆ బ్యాటరీతో పరీక్ష చేయవద్దు, ఎందుకంటే ఇంజన్ నిమిషానికి 250 సార్లయినా తిరగకపోతే అంకెలు తక్కువ వస్తాయి. ముందు సిలిండర్లు బాగున్నట్టు, చివరి సిలిండర్ పోయినట్టు కనిపించడానికి చాలాసార్లు మధ్యలో నీరసించిన బ్యాటరీయే కారణం.

ఇంజన్‌ను మామూలు ఉష్ణోగ్రత వచ్చేవరకు నడిపి ఆపండి. వేడెక్కినప్పుడే రింగులు, పిస్టన్లు తమ అసలు కొలతకు వస్తాయి. అయితే సలసలకాగే అల్యూమినియం హెడ్ నుంచి ప్లగ్గులు విప్పితే మర చెడిపోయే అవకాశం ఉంది కాబట్టి, చెయ్యి పెట్టగలిగినంత వేడికి తగ్గేవరకు పది పదిహేను నిమిషాలు ఆగాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచాలి. లుంగీ, చున్నీ, వేలాడే కొంగు ఇంజన్ దగ్గర ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తానే తిరగడం మొదలుపెట్టగలదు.

తర్వాత ఇంధనం ఆపాలి. ఫ్యూజ్ బాక్సు మూత మీది బొమ్మ చూసి ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ లేదా రిలే తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పైపులో మిగిలిన పెట్రోల్ అయిపోయి దానంతట అదే ఆగిపోయేదాకా ఉంచండి. సీఎన్‌జీ కారు అయితే ముందు పెట్రోల్‌లోకి మార్చి, గ్యాస్ సిలిండర్ వాల్వును కూడా చేత్తో మూయాలి. ఇంజెక్టర్ల కనెక్టర్లు అందుబాటులో ఉంటే వాటినీ విప్పడం ఇంకా మంచిది. ఈ దశను దాటవేస్తే కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి అంకెలను తగ్గిస్తుంది, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని పాడుచేస్తుంది, ప్లగ్ రంధ్రాల నుంచి ఆవిరిగా బయటకు చిమ్మి మంటకు దారి తీయగలదు. ఆ చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరుబత్తి ఏదీ వెలిగించి ఉండకూడదు.

ఇప్పుడు ఇగ్నిషన్. ప్రతి ప్లగ్ మీద కూర్చునే కాయిల్స్ ఉన్న కారులో అన్ని కాయిల్స్ కనెక్టర్లు విప్పి, కాయిల్స్ పైకి తీసి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోవాలి. కనెక్టర్ తగిలించే ఉంచి కాయిల్‌ను గాల్లో వదిలేస్తే స్పార్కుకు దారి లేక కాయిల్ దెబ్బతినవచ్చు. పాత డిస్ట్రిబ్యూటర్ కార్లలో కాయిల్‌కు వచ్చే కనెక్టర్ విప్పితే చాలు.

ప్లగ్గులు విప్పే ముందు ఆ గుంతల్లోని దుమ్మును సైకిల్ పంపుతోనైనా ఊదేయండి. ఒక ఇసుక రేణువు సిలిండర్‌లో పడినా బోరు మీద గీత మిగులుతుంది. ఆ తర్వాత అన్ని ప్లగ్గులూ విప్పాలి, పరీక్షించే సిలిండర్‌ది మాత్రమే కాదు. అన్నీ తీస్తేనే ఇంజన్ తేలికగా, ప్రతి సిలిండర్‌కూ ఒకే వేగంతో తిరుగుతుంది. తీసిన ప్లగ్గులను వరుసగా పేర్చి చూడండి: ఆయిల్‌తో తడిసి నల్లబడిన ప్లగ్ ఏ సిలిండర్‌దో, మిగతావాటికి భిన్నంగా మరీ కడిగినట్టు శుభ్రంగా ఉన్నది ఏదో రాసుకోండి. శుభ్రంగా ఉన్న ప్లగ్ ఉన్న చోట కూలెంట్ లోపలికి చేరుతుండవచ్చు.

పరీక్ష

గొట్టాన్ని ఒకటో సిలిండర్‌లో చేత్తోనే బిగించండి. స్పానర్ అవసరం లేదు, రబ్బరు వాషర్ ఆనితే చాలు. తోడు మనిషి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. త్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే బిళ్ల) మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలి తగినంత రాక, మంచి ఇంజన్ కూడా రోగిష్టిదిగా కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కార్లలో పెడల్ తొక్కినా సెల్ఫ్ కొట్టేటప్పుడు బిళ్ల తెరుచుకోకపోవచ్చు కాబట్టి, గాలి గొట్టం విప్పి ఒకసారి కళ్లతో చూసుకోవాలి. దాన్ని వేలితో బలవంతంగా నెట్టకూడదు. తెరుచుకోని పక్షంలో అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తాయి, అయినా వాటి మధ్య పోలిక చాలావరకు చెల్లుతుంది. బటన్ స్టార్ట్ కారులో బ్రేకు లేదా క్లచ్ కూడా తొక్కి ఉంచాలి.

మూడు నాలుగు సెకన్లు తిప్పితే ఆ సిలిండర్‌కు ఆరు నుంచి ఎనిమిది కంప్రెషన్ దెబ్బలు పడతాయి. ముల్లు ఇక పెరగనప్పుడు ఆపండి. ప్రతి సిలిండర్‌కూ దెబ్బల సంఖ్య ఒకటే ఉండాలి, చెవితో లెక్కపెట్టవచ్చు. రెండు అంకెలు రాసుకోండి: మొదటి దెబ్బకు ముల్లు ఎక్కడికి వెళ్లిందో అది, చివరికి ఎక్కడ ఆగిందో అది. చాలామంది రెండోది మాత్రమే రాసుకుంటారు, కానీ నా దృష్టిలో మొదటిది కూడా అంతే విలువైనది. ఆరోగ్యంగా ఉన్న సిలిండర్‌లో మొదటి దెబ్బకే ముల్లు సగానికి పైగా ఎగిరి, తర్వాతి రెండు మూడు దెబ్బల్లో పూర్తి అంకెకు చేరుతుంది. రింగులు అరిగిన సిలిండర్‌లో మొదటి దెబ్బ బలహీనంగా ఉండి, ఆ తర్వాత ఒక్కో దెబ్బకూ కొంచెం కొంచెంగా పైకి పాకుతుంది. వాల్వు సరిగా మూసుకోని సిలిండర్‌లో మొదటి దెబ్బా తక్కువే, తర్వాత కూడా అది పెద్దగా పెరగదు.

గేజ్ బటన్ నొక్కి ఒత్తిడి వదిలిన తర్వాతే గొట్టం విప్పి తర్వాతి సిలిండర్‌కు వెళ్లాలి. అన్నీ అయ్యాక ఒకటో సిలిండర్‌ను మళ్లీ ఒకసారి కొలవండి. మొదటి అంకెకు చాలా తక్కువగా వస్తే బ్యాటరీ దిగిపోయిందని అర్థం, చార్జ్ చేసి మొత్తం మళ్లీ చేయాలి.

ఆయిల్ వేసి రెండోసారి

ఒక సిలిండర్ తక్కువ చూపించినప్పుడే ఈ దశ అవసరం. ఆ ప్లగ్ రంధ్రంలోకి సిరంజితో 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వదిలి, గేజ్ లేకుండా ఒకటి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆయిల్‌ను గోడలకు పట్టించండి. రంధ్రం మీద గుడ్డ వదులుగా కప్పి, ముఖం పక్కకు పెట్టుకోవాలి, ఆయిల్ పైకి చిమ్ముతుంది. తర్వాత ముందులాగే కొలవాలి. ఎక్కువ ఆయిల్ పోస్తే అది చోటును ఆక్రమించి అంకెను అబద్ధంగా పెంచుతుంది. మరీ ఎక్కువైతే పిస్టన్‌కు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఆయిల్ వేసే ఈ పద్ధతిని డీజిల్ ఇంజన్‌లో ఎన్నడూ చేయకూడదు, అక్కడి ఒత్తిడికి ఆ ఆయిల్ మండుతుంది.

అంకెలు చదవడం

నాలుగు సిలిండర్ల కారులో 175, 172, 118, 178 వచ్చాయనుకుందాం. మూడోది గరిష్ఠ అంకె కంటే 34 శాతం తక్కువ. ఆయిల్ వేసిన తర్వాత అది 160కి ఎగబాకితే, ఆయిల్ తాత్కాలికంగా మూసిన దారి రింగుల దగ్గరే ఉంది కాబట్టి లోపం రింగులదో బోరుదో. 122 దగ్గరే ఆగిపోతే రింగులు నిర్దోషులు; వాల్వునో హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. ఖర్చులో ఈ రెంటికీ చాలా తేడా ఉంటుంది: మొదటిదానికి ఇంజన్ మొత్తం విప్పాల్సి రావచ్చు, రెండోదానికి హెడ్ పనితో సరిపోవచ్చు, ఒక్కోసారి హెడ్ కూడా దించనక్కర్లేదు.

ఆ చివరి మాట ముఖ్యంగా గ్యాస్ మీద ఎక్కువగా నడిచే కార్ల యజమానుల కోసం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ పొడి ఇంధనాలు. పెట్రోల్ కారుగా తయారై తర్వాత కిట్ వేసిన ఇంజన్లలో వాల్వు సీటు క్రమంగా అరిగి, వాల్వు పైకి జరిగి, టాపెట్ (వాల్వును నొక్కి తెరిచే భాగం) దగ్గర ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. సందు పూర్తిగా పోయినప్పుడు వాల్వు ఇంజన్ వేడెక్కాక కొద్దిగా తెరుచుకునే ఉంటుంది, కంప్రెషన్ పడిపోతుంది. సందును తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్లు లేని ఇంజన్‌లో ఇలాంటి అంకెలు వస్తే, హెడ్ దించే మాట రాకముందే వాల్వు కవర్ విప్పి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులతో) టాపెట్ సందు కొలిపించండి. పాత మారుతీ 800 వంటి ఇంజన్లలో అది రాకర్ మీది స్క్రూ తిప్పి సరిచేయగలిగిన పని. సందు సరిచేసిన తర్వాత కూడా అంకె పెరగకపోతే అప్పుడు వాల్వు కాలిపోయిందని అనుకోవచ్చు.

పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ బాగా తక్కువగా ఉండి, ఆయిల్ వేసినా పెరగకపోతే వాటి మధ్యన హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. కూలెంట్ తగ్గుతుండటం, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటి పదార్థం కనిపించడం ఆ అనుమానాన్ని బలపరుస్తాయి. అయితే నగరంలో తక్కువ దూరాలు తిరిగే కారులో గాలిలోని తేమ వల్ల కూడా ఆ మీగడ ఏర్పడుతుంది కాబట్టి, దాన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు.

అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువగా ఉంటే కంగారు పడకముందు గేజ్, బ్యాటరీ, త్రాటిల్ మూడింటినీ మళ్లీ చూడండి. అవి సరిగ్గా ఉంటే, వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో జత కలిపే టైమింగ్ బెల్టు ఒకటి రెండు పళ్లు జారి ఉండవచ్చు, లేదా చైను సాగి ఉండవచ్చు. ముఖ్యంగా ఇటీవలే బెల్టు మార్పించిన కారులో ఇది మొదట గుర్తు రావాలి. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌లో అయితే అన్నీ ఒకేసారి అరిగి ఉండటం కూడా సహజమే, అలాంటి ఇంజన్‌లో ఆయిల్ వేస్తే ప్రతి సిలిండర్ అంకే పెరుగుతుంది. అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువగా రావడం శుభవార్త కాదు: పిస్టన్ మీద కార్బన్ పేరుకుని చోటు తగ్గింది, లేదా సిలిండర్‌లోకి ఆయిల్ చేరుతోంది.

అన్నీ సమానంగా, మాన్యువల్ పరిమితి లోపల ఉంటే వణుకుకు కారణం ఇంజన్ లోపల లేకపోవడానికే అవకాశం ఎక్కువ. అప్పుడు అనుమానిత సిలిండర్ కాయిల్‌ను పక్కదానికి మార్చి లోపం కూడా దానితో పాటు జరుగుతుందేమో చూడాలి, ఆ తర్వాత ప్లగ్గులు, ఇంజెక్టర్లు.

గాలి ఎటు పోతోందో ఇంకా స్పష్టంగా తెలియాలంటే లీక్‌డౌన్ పరీక్ష ఉంది. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ దశలో సరిగ్గా పై కొసకు తెచ్చి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపుతారు. త్రాటిల్ దగ్గర బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, పొగగొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు. చల్లారిన రేడియేటర్ మూత తీసి చూసినప్పుడు బుడగలు వస్తే గ్యాస్కెట్. గాలి ఒత్తిడికి క్రాంక్ ఉన్నట్టుండి తిరగగలదు కాబట్టి పుల్లీ నట్టు మీద స్పానర్ వదిలేసి చేసే పని కాదు ఇది. కంప్రెసర్ ఉన్న గ్యారేజీలో, మీ కంప్రెషన్ అంకెలు చేతిలో పెట్టుకుని, దగ్గరుండి చేయించుకోవడమే నయం.

మళ్లీ బిగించడం

ప్లగ్గులను మొదట చేత్తోనే తిప్పాలి. మర ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20 సరిపోతుంది. టార్క్ రెంచ్ లేకపోతే, చేత్తో ఆనిన తర్వాత కొత్త ప్లగ్‌ను సగం చుట్టు, వాడిన ప్లగ్‌ను గడియారంలో ఒక గంట జరిగినంత మాత్రమే తిప్పండి. కాయిల్స్, ఇంజెక్టర్ కనెక్టర్లు, గాలి గొట్టం, చివరగా ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తగిలించి, గ్యాస్ కారు అయితే సిలిండర్ వాల్వు తెరవాలి. తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి, పంపు ఒత్తిడి పెంచిన తర్వాత స్టార్ట్ చేయండి. ఆయిల్ వేసిన సిలిండర్ వల్ల కాసేపు నీలిరంగు పొగ వస్తుంది, అది సహజం. కనెక్టర్లు విప్పి సెల్ఫ్ కొట్టినందుకు చెక్ ఇంజన్ లైట్ వెలగవచ్చు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్‌తో చెరిపేయవచ్చు, లేకపోయినా కొన్నిసార్లు నడిపాక చాలావరకు దానంతట అదే ఆరిపోతుంది.

రాసుకున్న కాగితం మీద తేదీ, ఓడోమీటర్ కిలోమీటర్లు, ఊరు, బ్యాటరీ వోల్టేజీ, ఇంజన్ వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా చేర్చి సర్వీస్ పుస్తకంలో పెట్టండి. మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు "కంప్రెషన్ తక్కువ" అని కాకుండా "మూడో సిలిండర్ 118, ఆయిల్ వేస్తే 122, మిగతావి 170 పైన" అని చెబితే సంభాషణ నేరుగా టాపెట్ సందు, వాల్వుల దగ్గర మొదలవుతుంది.